కెంట్: పై ఊళ్ల నిర్ణయాలు మోస్తున్న పల్లం

సియాటిల్ అనగానే మనవాళ్లకు మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఎడతెగని వాన గుర్తొస్తాయి. అక్కడి విమానాశ్రయం మాత్రం ఆ ఊళ్లో లేదు. ఊరికి దక్షిణంగా ఒక మెట్ట మీద ఉంది. ఆ మెట్ట తూర్పు అంచున నిలబడి కిందికి చూస్తే బల్లపరుపుగా ఒక లోయ కనిపిస్తుంది. పొడుగాటి గోదాములు, వరసకట్టిన లారీలు, పక్కపక్కనే సాగే రైలు పట్టాలు, వీటన్నిటి మధ్య వంకర్లు తిరుగుతూ ఒక మోస్తరు నది. ఈ లోయలోని ఊళ్లలో పెద్దది కెంట్. సియాటిల్‌కీ టకోమాకీ సరిగ్గా నడిమధ్యన, రెంటికీ సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2020 లెక్కల ప్రకారం జనాభా 1,36,588. కింగ్ కౌంటీలో సియాటిల్, బెల్‌వ్యూల తర్వాత మూడో పెద్ద నగరం ఇదే.

ఈ ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టిన వాళ్లకు మొదటి పేజీల్లోనే తికమక మొదలవుతుంది. 1861లో ఇక్కడ తెరిచిన పోస్టాఫీసు పేరు వైట్ రివర్. పాత రికార్డుల్లో రైతుల పంటను సియాటిల్‌కు చేర్చిన పడవలు తిరిగింది వైట్ నదిలోనే. ఇవాళ కెంట్‌లో ఎక్కడ వెతికినా వైట్ నది లేదు. ఊరి పక్కన పారేది గ్రీన్ నది. దిగువన రెంటన్ దగ్గర బ్లాక్ నది అని ఇంకొకటి ఉండేది, అదీ ఇప్పుడు పేరుకే మిగిలింది. నదులు ఎటు పోయాయో తేలితే తప్ప ఈ ఊరు అర్థం కాదు. అది తేల్చుకునే క్రమంలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కెంట్ తలరాతను మార్చిన మలుపుల్లో చాలా భాగం కెంట్‌లో జరగలేదు. కొన్ని ఎగువన జరిగాయి, కొన్ని దిగువన, కొన్ని రాష్ట్ర రాజధానిలో, కొన్ని దేశ రాజధానిలో. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఇక్కడ నీటితో పాటు నిర్ణయాలూ పల్లానికే దిగుతూ వచ్చాయి.

ముందు నేల సంగతి. చివరి మంచుయుగంలో, ఇప్పటికి 16-17 వేల ఏళ్ల కిందట, కెనడా వైపు నుంచి దిగిన మంచు పలక ఈ ప్రాంతాన్నంతా కప్పేసింది. ఉత్తర దక్షిణాలుగా లోతైన కందకాలు పడటం దాని పనే. మంచు కరిగాక ఆ కందకాల్లోకి సముద్రం చొచ్చుకొచ్చింది. ఇప్పుడు కెంట్ ఉన్న చోట అప్పట్లో ఉప్పునీరు ఉండేది. ఆ సముద్రపు పాయ కెంట్‌కు దక్షిణాన ఉన్న ఆబర్న్ ఊరి దాకా వెళ్లేది.

దాన్ని పూడ్చే పని రెయినియర్ పర్వతం మొదలుపెట్టింది. 14,410 అడుగుల ఈ అగ్నిపర్వతం సియాటిల్ నుంచి మబ్బు లేని రోజున స్పష్టంగా కనిపిస్తుంది. సుమారు 5,600 ఏళ్ల కిందట దాని శిఖర భాగం కూలి, మంచూ రాళ్లూ బురదా కలిసి వైట్ నది దారిలో ప్రవాహంలా దిగాయి. దీన్ని శాస్త్రవేత్తలు ఒసియోలా బురద ప్రవాహం అంటారు. అది నేరుగా సముద్రపు పాయ మొదట్లోకి వచ్చి పడింది. ఆ తర్వాత వేల ఏళ్లపాటు వైట్ నది కొండ మీది ఇసుకనూ ఒండ్రునూ తెచ్చి పోస్తూనే ఉంది. తీరరేఖ అంగుళం అంగుళం ఉత్తరానికి జరిగి, చివరికి ఇప్పటి సియాటిల్ రేవు దగ్గర ఆగింది. అంటే ఈ లోయ ఒక డెల్టా. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లా సముద్రం వైపు విసనకర్రలా విచ్చుకోకుండా, రెండు మెట్టల మధ్య ఇరుక్కుపోయిన డెల్టా. కెంట్ డౌన్‌టౌన్ సముద్ర మట్టానికి 40 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటే, పక్కనే ఉన్న తూర్పు మెట్ట 400 అడుగుల ఎత్తులో ఉంది. ఒకే నగరపు చిరునామాతో రెండు వేర్వేరు భూగోళాలు. ఈ తేడా చివరిదాకా గుర్తుంచుకోవాల్సిందే.

ఇక నదుల చిక్కుముడి. 1906కు ముందు ఏర్పాటు ఇలా ఉండేది. వైట్ నది రెయినియర్ మంచు నుంచి పుట్టి, ఆబర్న్ దగ్గర లోయలోకి దిగి, ఉత్తరానికి తిరిగేది. అక్కడే గ్రీన్ నది వచ్చి దానిలో కలిసేది. కలిశాక కూడా పేరు వైట్ నదే. అది కెంట్ మీదుగా పారి, టక్విలా దగ్గర బ్లాక్ నదిని కలుపుకుని, అక్కడి నుంచి డువామిష్ పేరుతో సియాటిల్ రేవులో పడేది. బ్లాక్ నది వాషింగ్టన్ సరస్సు నుంచి బయటికి వచ్చే కాలువ. సీడర్ నది కూడా రెంటన్‌లో దానిలోనే కలిసేది. మొత్తం మీద నాలుగు నదుల నీళ్లు ఒకే సన్నటి లోయలోంచి పోవాలి. ఏటా చలికాలంలో ముంపు వచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

వైట్ నదికి ఇంకో అలవాటు ఉంది. మేటలు వేసీ వేసీ తన దారిని తానే ఎత్తు చేసుకుని, అప్పుడప్పుడూ పక్కకు ఒరిగేది. ఆబర్న్ దగ్గర దానికి ఒక చిన్న పాయ దక్షిణంగా చీలి, స్టక్ నది పేరుతో పియలప్ నదిలోకి, అటునుంచి టకోమా వైపు పోయేది. వరద ఉత్తరానికి వస్తే కింగ్ కౌంటీ రైతులు మునుగుతారు, దక్షిణానికి పోతే పియర్స్ కౌంటీ రైతులు మునుగుతారు. రెండు వైపులా ఎవరికి వాళ్లు నీళ్లను అవతలి వాళ్ల మీదికి తోయడానికి చూశారు. అడ్డుకట్టలు వేశారు, వాటికి కాపలా కాశారు, డైనమైట్ పేల్చిన సందర్భాలూ ఉన్నాయి. ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం తగాదాలు వింటూ పెరిగిన మనకు ఇదేమీ కొత్త కాదు. ఇక్కడ మాత్రం రివర్సు. మాకు నీళ్లు కావాలని కాదు, మాకొద్దు మీరు తీసుకోండని పోట్లాట.

1906 నవంబరులో వచ్చిన పెద్ద వరద ఆ పంచాయితీని తనే తీర్చేసింది. కొట్టుకొచ్చిన మానులు ఆబర్న్ దగ్గర అడ్డంపడి పేరుకుపోవడంతో వైట్ నది మొత్తంగా దక్షిణానికి తిరిగిపోయింది. కెంట్ పక్కన మిగిలింది గ్రీన్ నది తెచ్చిన నీళ్లే. కింగ్ కౌంటీ రైతులు ఊపిరి పీల్చుకున్నారు, పియర్స్ కౌంటీ వాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. కోర్టు గొడవల తర్వాత 1914లో రెండు కౌంటీలూ ఖర్చు పంచుకునేలా ఒప్పందం చేసుకుని, నదిని అటే ఉంచేలా పక్కా గోడ కట్టించాయి. దానితో ఆబర్న్ దిగువన పారే నదికి గ్రీన్ నది పేరే స్థిరపడింది. లోయను పోసి పెంచిన నది వెళ్లిపోయింది, దానిలో కలిసే ఉపనది పేరు దాని పాత దారికి వచ్చింది.

దిగువన ఇంకో పెద్ద మార్పు అప్పటికే నడుస్తోంది. సియాటిల్‌కు ఓడల కాలువ కావాలి. దాన్ని తవ్వి వాషింగ్టన్ సరస్సును సముద్రంతో కలిపారు. అందుకోసం ముందే, 1912లో, సీడర్ నదిని సరస్సులోకి మళ్లించారు. 1916లో కాలువ తెరిచాక సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు పడిపోయింది. బ్లాక్ నది మొదలు సరస్సు మట్టం కన్నా ఎత్తున ఉండిపోయింది. ఇక అందులోకి నీళ్లు రాలేదు. చేపలు గుంటల్లో చిక్కుకున్నాయి. దాని ఒడ్డున తరతరాలుగా బతికిన డువామిష్ జనం ఊళ్లకు ఆధారం పోయింది. సియాటిల్ ఇంజనీర్ల దృష్టిలో అదొక గొప్ప విజయం. ఆ నది సంగతి వాళ్ల లెక్కలో ఒక పక్క ఖాతా కూడా కాదు.

పదేళ్ల తేడాలో జరిగిన ఈ రెండింటితో డువామిష్ పరీవాహక ప్రాంతంలో మూడింట రెండొంతులకు పైగా తెగిపోయింది. నాలుగు నదుల లోయలో ఒక నది మిగిలింది. ఇప్పుడు బ్లాక్ నది ఉన్న చోటికి వెళ్తే నది బదులు ఒక పంపుహౌస్ కనిపిస్తుంది. 1970ల్లో కట్టారు. కెంట్ తూర్పు భాగంలోని వాననీళ్లన్నీ స్ప్రింగ్‌బ్రూక్ అనే వాగు ద్వారా అక్కడికి చేరతాయి. గ్రీన్ నది నిండుగా ఉన్నప్పుడు అవి తమంతట తాము దానిలోకి పోలేవు కాబట్టి మోటార్లు ఎత్తి పోస్తాయి. ఎగువన సరస్సును మోసుకొచ్చిన నది, చివరికి మురుగు కాలువను ఎత్తిపోసే చోటుగా తేలింది. దాని చుట్టూ మిగిలిన కాస్త అడవిలో కొంగలు గూళ్లు పెడతాయి.

తెల్లవాళ్ల వలస కథ ఇక్కడ మిగతా పశ్చిమ తీరంలో జరిగినట్టే జరిగింది. 1850ల మొదట్లో రైతులు వచ్చి ఆక్రమణలు పెట్టారు. 1854-55ల్లో స్థానిక తెగలతో ఒప్పందాలు జరిగాయి, 1855లోనే ఈ లోయలో రక్తపాతం జరిగింది, చివరికి తెగల్లో చాలామందిని ఆబర్న్ పక్కన మకిల్‌షూట్ రిజర్వేషన్‌కు చేర్చారు. ఆ ఒప్పందాల్లో చేపలు పట్టే హక్కు గురించి రాసిన మాటలను ఎవరూ పట్టించుకోలేదు. 1974లో ఫెడరల్ జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పుతో అవి మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. పట్టదగ్గ చేపల్లో సగం తెగలదే అని ఆ తీర్పు. నది గురించి ఇవాళ ఏ నిర్ణయం తీసుకోవాలన్నా మకిల్‌షూట్ తెగ బల్ల దగ్గర కూర్చోవడానికి మూలం అదే.

పంటల విషయానికొస్తే, ఈ ఒండ్రు మీద మొదట డబ్బు కురిపించింది హాప్స్. బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూల తీగ ఇది. 1880ల్లో యూరప్‌లో పంట దెబ్బతినడంతో ఇక్కడి రైతుల పంట పండింది. కోతలకు కెనడా తీరం నుంచి కూడా ఆదివాసీ కుటుంబాలు పడవల్లో వచ్చేవి. టైటస్‌విల్ అని పిలుచుకున్న ఊరికి ఇంగ్లండులో హాప్స్‌కు పేరున్న కెంట్ ప్రాంతం పేరు పెట్టి, 1890 మే 28న పురపాలికగా చేశారు. అప్పుడు జనం 793 మంది. మన గుంటూరు జిల్లాలో ఒక్క పంటనే నమ్ముకున్న రైతుకు జరిగేదే వాళ్లకూ జరిగింది. ఒకటి రెండేళ్లలోనే పేనుబంక వచ్చి తీగలను పీల్చేసింది, 1893లో దేశమంతా ఆర్థిక సంక్షోభం వచ్చింది. పంట పేరు పెట్టుకున్న ఊళ్లో పంట లేకుండా పోయింది.

తర్వాత పాడి. 1899లో కెంట్‌లో మొదలైన పాలను చిక్కబరిచి డబ్బాల్లో నింపే చిన్న కంపెనీయే కార్నేషన్‌గా ప్రపంచానికి తెలిసింది. 1902 నుంచి సియాటిల్-టకోమా మధ్య విద్యుత్ రైలు ఈ లోయలోంచి నడిచింది. కార్లూ బస్సులూ పెరిగాక 1928లో దాన్ని ఆపేశారు. ఆ పట్టాల దారి ఇప్పుడు సైకిల్ బాట. ఒకప్పుడు పట్నంతో ముడివేసిన లైను పక్కన ఇవాళ గోదాముల వెనక గోడలు కిలోమీటర్ల కొద్దీ కనిపిస్తాయి.

పాడి పక్కనే కూరగాయలు పెరిగాయి. 1930ల నాటికి కెంట్ తనను తాను ప్రపంచ లెట్యూస్ రాజధాని అని చెప్పుకునేది. చల్లటి వేసవి, నల్లటి ఒండ్రు, ఊరి మధ్యన రైలు, ఐసు పెట్టి పంపే ప్యాకింగ్ షెడ్లు, అన్నీ కుదిరాయి. ఆ పొలాల్లో చాలా భాగం సాగు చేసింది జపాన్ నుంచి వచ్చిన కుటుంబాలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కెంట్ గొప్పలు చెప్పే బ్రోషర్లు ఈ చోట తొందరగా పేజీ తిప్పేస్తాయి.

ఆ కాలపు ఫెడరల్ చట్టం ప్రకారం జపాన్‌లో పుట్టినవాళ్లు అమెరికా పౌరులు కాలేరు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు భూమి కొనడానికే కాదు, కౌలుకు తీసుకోవడానికీ వీల్లేదని వాషింగ్టన్ రాష్ట్రం 1921లో చట్టం చేసింది. అమెరికాలో పుట్టిన పిల్లల పేరు మీద తీసుకుందామంటే 1923లో ఆ దారీ మూసేసింది. అయినా సాగు ఆగలేదు. కాగితం మీద తెల్ల యజమాని, పొలంలో జపనీస్ కుటుంబం. కౌలు రైతుకు కాగితం లేకపోతే ఏమవుతుందో తెలుగు పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి నేలను తీర్చిదిద్దినా దాని విలువ పెరిగితే లాభం యజమానిది.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. వేసవి రాకముందే లోయలోని జపనీస్ కుటుంబాలను, అక్కడే పుట్టిన పౌరులతో సహా, చేతికి అందిన మూటలతో రైలెక్కించారు. చాలామందిని ముందు కాలిఫోర్నియాలోని పైన్‌డేల్‌కు, అక్కడి నుంచి టూలీ లేక్ నిర్బంధ శిబిరానికి పంపారు. నాటిన పంట పొలంలోనే ఉంది. యుద్ధం ముగియక ముందే వాళ్లు తిరిగి వస్తారేమోనని ఊళ్లో గుబులు మొదలైంది. అప్పటి కెంట్ మేయర్‌కు హెయిర్ కటింగ్ షాపు ఉండేది. జపనీయులు ఇక ఎన్నటికీ ఇక్కడికి రావద్దని అందులో బోర్డు పెట్టి, దాన్ని చూపిస్తూ ఫొటోకు నిలబడ్డాడు. తిరిగి వచ్చినవాళ్లు కొద్దిమందే. పొలం కాగితాలు ఎన్నడూ తమవి కానప్పుడు దేనికని వస్తారు? భూమి చట్టాన్ని రాష్ట్ర ఓటర్లు రద్దు చేసింది 1966లో. అప్పటికి సాగుచేయడానికి మిగిలిన భూమే తగ్గిపోతోంది.

నా ఉద్దేశంలో లోయ కాంక్రీటు కావడానికి కారణాల వరసలో ఇది మొదటిది. 1960ల్లో గ్రీన్ నది ఎగువన వచ్చిన డ్యామ్ వల్లనే పొలాలు పోయాయని సాధారణంగా చెబుతారు. ఆ మాట నిజమే గానీ, ఆ పొలాలను ప్రాణంగా చూసుకున్నవాళ్లను డ్యామ్‌కు ఇరవై ఏళ్ల ముందే తరిమేశారన్నది కూడా లెక్కలోకి రావాలి.

డ్యామ్ సంగతి. గ్రీన్ నది ఎగువన ఈగిల్ గార్జ్ అనే ఇరుకు చోట ఆర్మీ ఇంజనీర్లు మట్టీ రాళ్లతో 235 అడుగుల ఎత్తున కట్టి, 1960ల మొదట్లో పూర్తిచేశారు. హోవర్డ్ హాన్సన్ డ్యామ్ అంటారు. వరద ఆపడమే దాని ముఖ్యమైన పని. వానలు పడే చలికాలంలో జలాశయాన్ని దాదాపు ఖాళీగా ఉంచి, పెద్ద తుపాను వచ్చినప్పుడు నింపి, తర్వాత మెల్లగా వదులుతారు. ఆబర్న్ దగ్గర ప్రవాహం 12,000 క్యూసెక్కులు దాటకూడదన్నది లక్ష్యం. కింద కరకట్టలు తట్టుకోగలిగింది అంతే. గోదావరికి వచ్చే లక్షల క్యూసెక్కుల లెక్క అలవాటైన మనకు ఇది చిన్న కాలువలా అనిపించవచ్చు. ఈ నదికి మాత్రం అంతకు మించితే గట్లు తెగుతాయి.

డ్యామ్ ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబు లోయలో కట్టిన వాటిలోనే ఉంది. ముంపు భయం పోగానే ఎకరం విలువ మారిపోయింది. పైన విమానాశ్రయం, ఉత్తరాన సియాటిల్ రేవు, దక్షిణాన టకోమా రేవు, మధ్యలో రైళ్లు, కొత్తగా హైవేలు, చదును చేయాల్సిన పని లేని నేల. కెంట్ నగరపాలిక ముందే వాసన పట్టింది. 1953-60 మధ్య చుట్టుపక్కల పొలాలను కలుపుకుంటూ పోయి ఊరి విస్తీర్ణాన్ని 12 రెట్లు చేసింది. 1960ల మధ్యలో బోయింగ్ ఇక్కడ అంతరిక్ష కేంద్రం పెట్టింది. 1971-72ల్లో అపోలో 15, 16, 17 వ్యోమగాములు చంద్రుడి మీద నడిపిన బండ్లు ఇక్కడ తయారైనవే. ఒక్కోటి 210 కిలోలు, మడతపెట్టి ల్యాండర్ పక్కన బిగించి పంపారు. మూడూ ఇప్పటికీ చంద్రుడి మీదే ఉన్నాయి. లెట్యూస్ పొలం నుంచి చంద్రుడి దాకా ముప్పై ఏళ్లు. ఇప్పుడు బ్లూ ఆరిజిన్ ప్రధాన కార్యాలయం కూడా కెంట్‌లోనే ఉంది.

పేరు తెచ్చింది అంతరిక్షమైనా లోయను నింపింది గోదాములు. ఇవాళ పశ్చిమ తీరంలోని పెద్ద గిడ్డంగి, తయారీ ప్రాంతాల్లో ఇదొకటి. పొలాలు పోతున్నాయని గుండె గుబేలుమన్న కింగ్ కౌంటీ ఓటర్లు 1979లో 5 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. రైతుల దగ్గర భూమి కాదు, దాని మీద కట్టడాలు కట్టుకునే హక్కును కౌంటీ కొనేసింది. అందుకే కెంట్-ఆబర్న్ మధ్య ఇప్పటికీ కొన్ని పొలాలు ఉన్నాయి. పథకం మంచిదే, వచ్చింది ఆలస్యంగా.

2009 జనవరిలో ఈ ఏర్పాటు మొత్తం గజగజలాడింది. భారీ వానలకు జలాశయం అంతకుముందెన్నడూ లేని మట్టానికి చేరింది. నీళ్లు తగ్గాక చూస్తే కుడి పక్క గట్టు మీద నేల కుంగిన గుర్తులు, కింద ఎక్కువగా ఊట. ఆ పక్క డ్యామ్ ఆనుకున్నది ఏకశిలను కాదు, ఎప్పుడో పురాతన కాలంలో కొండచరియ విరిగిపడి పేరుకున్న రాళ్లూ మట్టినీ. మరమ్మతు అయ్యేదాకా జలాశయాన్ని పూర్తిగా నింపలేమని ఆర్మీ ఇంజనీర్లు చెప్పేశారు. అంటే తర్వాతి చలికాలంలో పెద్ద తుపాను వస్తే నీళ్లను వదిలేయక తప్పదు.

ఆ ఏడాది శరత్కాలమంతా లోయలో టెన్షనే. జనం వరద బీమా కోసం పరుగులు పెట్టారు. కంపెనీలు సరుకును, సర్వర్లను మెట్ట మీదికి తరలించాయి. కరకట్టల మీద మనిషి ఎత్తు ఇసుక సంచులను కిలోమీటర్ల కొద్దీ పేర్చి నల్ల ప్లాస్టిక్ కప్పారు. నది ఒడ్డున నడిచే బాట గట్టు మీదే ఉండటంతో అదీ మూతపడింది. చివరికి ఆ చలికాలం తేలిగ్గా గడిచిపోయింది. గట్టులోకి సిమెంటు పాలు ఎక్కించి, ఊట బయటికి పోయే సొరంగాలు బాగుచేసి, రెండేళ్లలో మామూలు స్థితికి తెచ్చారు. ఇసుక సంచులు మాత్రం చాలా కాలం అక్కడే ఉండిపోయాయి. ఆ సంవత్సరం దాకా లోయలో పనిచేసే చాలామందికి తమ నెత్తిన ఒక డ్యామ్ ఉన్న సంగతే ధ్యాసలో లేదంటే నమ్మవచ్చు. బాగా పనిచేసే డ్యామ్ తాను ఉన్నట్టు తెలియనివ్వదు, దాని కింద కట్టేవాళ్లకు ధైర్యం ఎక్కువవుతూ ఉంటుంది.

నీళ్ల లాగే డబ్బూ పై నుంచే వచ్చింది, పై నుంచే ఆగింది. వాషింగ్టన్ రాష్ట్రంలో జీతాల మీద ఆదాయపు పన్ను లేదు. నగరాలు బతికేది ఆస్తి పన్ను, అమ్మకం పన్ను మీద. ఆస్తి పన్ను వసూలు ఏటా ఒక శాతానికి మించి పెంచడానికి సాధారణంగా వీల్లేదు. కాబట్టి అమ్మకం పన్నే ప్రాణం. 2008 దాకా సరుకు ఎక్కడి నుంచి బయలుదేరితే ఆ ఊరికి స్థానిక వాటా వచ్చేది. బెల్‌వ్యూలో ఎవరో సోఫా కొన్నారు, అది కెంట్ గోదాము నుంచి వెళ్లింది, వాటా కెంట్‌కు. అందుకే లారీలకు రోడ్లు వేయడం, గోదాములను పిలవడం కెంట్‌కు లాభసాటిగా ఉండేది. 2008 జూలై 1 నుంచి రాష్ట్రం సూత్రం మార్చింది. సరుకు చేరిన ఊరికే వాటా. ఆన్‌లైన్ అమ్మకాల మీద పన్ను రాబట్టాలంటే రాష్ట్రాలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలన్నది వాళ్ల వాదన, అందులో తప్పులేదు. కెంట్‌కు మాత్రం లారీలు మిగిలాయి, గుంతలు పడ్డ రోడ్లు మిగిలాయి, పన్ను పోయింది. రాష్ట్రం కొంత పరిహారం ఇచ్చింది గానీ పూర్తిగా పూడలేదు. 2013లో నగరం వ్యాపారాల మీద సొంత పన్ను పెట్టి, గోదాము ఎన్ని చదరపు అడుగులుంటే అంత కట్టేలా లెక్క చేర్చింది. మరో మాటలో చెప్పాలంటే, నేలను వెడల్పుగా ఆక్రమించే వాళ్ల దగ్గర ఆ వెడల్పుకే వసూలు చేయడం. నాకైతే ఈ ఊరు సొంతంగా చేసిన తెలివైన పనుల్లో అదొకటి అనిపిస్తుంది.

జనం ఉండేది ఎక్కువగా పల్లంలో కాదు, మెట్ట మీద. 1990లో 37,960 ఉన్న జనాభా 2000కు 79,524 అయింది. ఇదంతా పుట్టుకలూ వలసలే కాదు. పట్టణ ప్రాంతాలు ఏదో ఒక నగరం కిందికి రావాలని 1990 నాటి రాష్ట్ర చట్టం ఒత్తిడి పెట్టడంతో తూర్పు మెట్ట మీది కాలనీలను కలుపుకుంటూ పోయారు. 2010లో పాంథర్ లేక్ ఒక్కటే 24 వేల మందిని తెచ్చింది. ఆ మెట్ట మీది పాత అపార్ట్‌మెంట్లలో అద్దె సియాటిల్ కన్నా తక్కువ కావడంతో 1970ల తర్వాత వియత్నాం, ఉక్రెయిన్, సోమాలియా, ఇరాక్, భూటాన్, అఫ్గానిస్తాన్ శరణార్థులు ఒక్కో తరంగా వచ్చి చేరారు. ఇక్కడి స్కూళ్ల పిల్లలు మాట్లాడే భాషలు నూటికి పైనే. పంజాబీలు గణనీయంగా ఉన్నారు, కెంట్, రెంటన్ పరిసరాల్లో గురుద్వారాలు ఉన్నాయి. లారీల లోయ పక్కన లారీ నడిపేవాళ్ల ఇళ్లు ఉండటం సహజమే కదా. సాఫ్ట్‌వేర్ తెలుగువాళ్లు మాత్రం సరస్సుకు తూర్పున ఆఫీసుల చుట్టూ సర్దుకున్నారు, వాళ్లకు కెంట్ అంటే రోడ్డు మీద వచ్చే ఒక ఎగ్జిట్ బోర్డు.

మెట్టకూ పల్లానికీ మధ్య వాలులో, డౌన్‌టౌన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మిల్ క్రీక్ లోయ ఉంది. అక్కడ హెర్బర్ట్ బాయర్ అనే కళాకారుడు 1982లో పూర్తిచేసిన ఒక పార్కు ఉంది. గడ్డి పరిచిన గుండ్రటి దిబ్బలు, వలయంలాంటి చిన్న గట్టు, మధ్యలో నీళ్లు, దాటడానికి చెక్క వంతెన. పిల్లలు దిబ్బల మీంచి దొర్లుతుంటారు. అసలు సంగతేమిటంటే అది వరద నీళ్లు నిలిపే చెరువు. మెట్ట మీద కాలనీలు లేచి నేల ఇంకడం మానేసింది, వానంతా ఒక్కసారిగా వాగులో పడి డౌన్‌టౌన్ మీదికి వస్తోంది. ఆ నీళ్లను పట్టి ఉంచే కట్టను కాంక్రీటు పెట్టె లాగా కాకుండా ఇలా చేయించారు. ఈ లోయలో నీళ్లను ఎక్కడికో తోసేయకుండా కాసేపు ఉండనిచ్చిన అరుదైన చోటు ఇది.

ఇప్పుడు నడుస్తున్న తగువు కరకట్టల మీద. పాత గట్లు చాలా భాగం నది అంచునే, నిటారుగా, రాళ్లు పేర్చి కట్టినవి. వెనకనే గోదాములు. ఆర్మీ ఇంజనీర్ల నిబంధనలు గట్టు మీద పెద్ద చెట్లు వద్దన్నాయి, వేళ్లు గట్టును బలహీనం చేస్తాయని, లోపల ఏం జరుగుతోందో చూడటానికి అడ్డమని. మరోవైపు సియాటిల్ తీరంలోని సముద్రపాయ పుజెట్ సౌండ్‌కు చెందిన చినూక్ సాల్మన్ చేప 1999 నుంచి ఫెడరల్ రక్షణ జాబితాలో ఉంది. ఆ చేపకు చల్లటి నీరు కావాలి, వేసవిలో ఈ బక్క నది మీద నీడ లేకపోతే నీళ్లు దానికి ప్రాణాంతకంగా వేడెక్కుతాయి. అంటే ఒక ఫెడరల్ సంస్థ నిబంధన చెట్టు కొట్టమంటుంది, ఇంకో ఫెడరల్ చట్టం చెట్టు నాటమంటుంది. మధ్యలో బిల్లు కట్టేది స్థానిక పన్నుదారు.

రెంటికీ సరిపడే పరిష్కారం ఇంజనీర్లకు తెలుసు. గట్టును నదికి దూరంగా జరిపి, వాలును తగ్గించి, మధ్యలో చెట్లకూ పక్క పాయలకూ చోటివ్వడం. వరదకూ చోటు దొరుకుతుంది, చేప పిల్లకూ నీడ దొరుకుతుంది. ఫ్రేగర్ రోడ్డు దగ్గర ఒకప్పటి డౌనీ పొలంలో కెంట్ నగరం ఇలాగే పక్క పాయలు తవ్వించింది. కొన్ని చోట్ల గట్లు వెనక్కి జరిపారు. కానీ గట్టు జరగాలంటే జరగడానికి నేల ఉండాలి. ఆ నేల మీద ఇప్పుడు గోదాము ఉంది, డ్యామ్ వచ్చాక పెరిగిన ధరకు. ఎగువన కూడా పని మిగిలే ఉంది. హాన్సన్ డ్యామ్ దాటి చేప పిల్లలు క్షేమంగా కిందికి రావడానికి దారి కట్టాల్సిందేనని 2019లో ఫెడరల్ మత్స్య శాఖ తేల్చింది. ఆ దారి పూర్తయితే పైనున్న మైళ్ల కొద్దీ చల్లటి నీళ్లు సాల్మన్‌కు మళ్లీ తెరుచుకుంటాయి. అక్కడ పుట్టిన ప్రతి చేప పిల్లా సముద్రం చేరాలంటే మాత్రం కెంట్ గోదాముల వెనక నుంచి, నీడలేని ఆ రాతి గట్ల మధ్య నుంచే రావాలి.